పాండా దౌత్యం మీద ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ: ఈ ప్లాన్ నిలబడుతుందా?

ప్రశ్న: పోస్ట్ చేసినవారు ఎంఏ_చివరి_సెమ్

సాఫ్ట్ పవర్ (బలవంతం లేకుండా ఆకర్షణతో ప్రభావం చూపడం), అందులోనూ జంతువులతో నడిపే దౌత్యం మీద ఆర్థికశాస్త్రం వైపు నుంచి పని చేయాలని ఉంది. చైనా పాండాలనే కేసుగా తీసుకుంటున్నాను. ప్లాన్ ఇది: కామ్‌ట్రేడ్ (ఐక్యరాజ్యసమితి వాణిజ్య డేటాబేస్) నుంచి 2000–2023 మధ్య చైనాకు ఏ దేశం ఎంత ఎగుమతి చేసిందో దించుకోవడం, ఆ దేశంలో పాండా ఉన్న ఏడాదికి 1, లేని ఏడాదికి 0 పెట్టడం, ఎగుమతులకు లాగ్ తీసి దేశం ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్‌తో (ఒక్కో దేశానికి మారకుండా ఉండే లక్షణాలను పక్కకు తీసే పద్ధతి) ఓఎల్‌ఎస్, అంటే మామూలు రిగ్రెషన్ నడపడం.

అడగాలనుకున్నవి: ఈ పద్ధతి పేపర్‌గా నిలబడుతుందా? పాండాలు ఎప్పుడు ఎక్కడికి వెళ్లాయో నమ్మదగిన లెక్క ఎక్కడ దొరుకుతుంది? మన ఏనుగులు, చీతాల కేసు కూడా కలిపితే బాగుంటుందా? ఇంకోటి, ఈ సబ్జెక్టును నమ్ముకుని ఉద్యోగం దొరుకుతుందా, లేక "పాండా ఎకనామిస్టు" అని ఇంటర్వ్యూలో నవ్వి పంపేస్తారా?

జవాబు 1: గ్రావిటీ_మాస్టారు

ఉన్న ప్లాన్ ఉన్నట్టుగా పెడితే మొదటి రిఫరీ (పత్రిక తరఫున పేపర్‌ను పరీక్షించే నిపుణుడు) దగ్గరే ఆగిపోతుంది. ఎక్కడెక్కడ కూలుతుందో చెబుతాను, సరిచేసుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు, చైనా ఒక్కదాని డేటా చాలదు. గ్రావిటీ మోడల్‌లో (దేశాల పరిమాణం, దూరం బట్టి వాటి మధ్య వ్యాపారాన్ని అంచనా వేసేది) ఇవాళ ఎవరైనా అడిగేవి మూడు ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్: ఎగుమతి దేశం-సంవత్సరం, దిగుమతి దేశం-సంవత్సరం, దేశాల జంట. మీ షీటులో కొనే వైపు చైనా ఒక్కటే ఉంది కాబట్టి, ఎగుమతి దేశం-సంవత్సరం ఎఫెక్ట్ పెట్టగానే పాండా డమ్మీ (మీ 1/0 కాలమ్) అందులో మొత్తం కరిగిపోతుంది. స్టాటా (గణాంకాల సాఫ్ట్‌వేర్) దాన్ని వదిలేశానని ఒక లైను చూపించి ఊరుకుంటుంది. పోనీ అది పెట్టకుండా నడిపితే, ఫిన్లాండ్ ఎగుమతులు ఆ ఏడాది అందరికీ పెరిగాయా, చైనాకు మాత్రమే పెరిగాయా అన్నది తేలదు. కాబట్టి అన్ని దేశాల జంటలూ ఉన్న ప్యానెల్ కావాలి. 200 దేశాలనుకుంటే ఏడాదికి 39,800 జంటలు, 24 ఏళ్లకు 9,55,200 వరుసలు. మామూలు లాప్‌టాప్ మోస్తుంది. సీఈపీఐఐ (ఫ్రాన్స్ పరిశోధన సంస్థ) గ్రావిటీ డేటాబేస్‌లో దూరం, భాష, వాణిజ్య ఒప్పందాలు సిద్ధంగా ఉంటాయి. వస్తువుల స్థాయికి వెళ్లాలంటే వాళ్లదే బీఏసీఐ ఉంది. అమ్మినవాడి లెక్క, కొన్నవాడి లెక్క కామ్‌ట్రేడ్‌లో కలవవు. బీఏసీఐ ఆ రెంటినీ సర్ది ఇస్తుంది.

లాగ్ తీయడం రెండో తప్పు. సున్నా వ్యాపారం ఉన్న వరుసలన్నీ ఎగిరిపోతాయి, పైగా ఎర్రర్ చెదురు దేశాన్నిబట్టి మారితే లాగ్ ఓఎల్‌ఎస్ అంచనా పక్కదారి పడుతుంది. 2006లో సాంటోస్ సిల్వా, టెన్‌రేరో ఈ సంగతి తేల్చాక ఈ రంగంలో పీపీఎంఎల్ (లాగ్ తీయకుండా, సున్నాలనూ ఉంచే పాయిసన్ పద్ధతి) మామూలైపోయింది. స్టాటాలో పీపీఎంఎల్‌హెచ్‌డీఎఫ్‌ఈ, ఆర్‌లో ఫిక్సెస్ట్ ప్యాకేజీ. స్టాండర్డ్ ఎర్రర్లు జంట స్థాయిలో క్లస్టర్ చేయండి, కానీ అవి చూసి ధీమా పడొద్దు. ఎందుకో కింద చెబుతాను.

అసలు చిక్కు మూడోది. పాండా పెళ్లిళ్ల పేరయ్య కాదు. సంబంధం కుదిరాక పుచ్చుకునే తాంబూలం. ఎడిన్‌బరోకు టియెన్ టియెన్, యాంగ్ గువాంగ్ 2011 డిసెంబర్‌లో వచ్చాయి. అదే ఏడాది జనవరిలో అప్పటి ఉప ప్రధాని లీ కెచియాంగ్ బ్రిటన్ వచ్చినప్పుడే 260 కోట్ల పౌండ్ల ఒప్పందాల మాట, స్కాట్లాండ్ సాల్మన్‌కు చైనా మార్కెట్ తెరిచే మాట, పాండాల మాట ఒకే మూటలో బయటికొచ్చాయి. సింగపూర్ కూడా అంతే: చైనాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2009 జనవరి నుంచి అమలు, పాండాలు దిగింది 2012 సెప్టెంబర్‌లో. ఇలాంటి చోట "పాండా వల్ల ఎగుమతులు పెరిగాయి" అంటే తాంబూలం ఇవ్వడం వల్లే పెళ్లి కుదిరిందన్నట్టు ఉంటుంది. 2013లో ఆక్స్‌ఫర్డ్ వైపు నుంచి బకింగ్‌హామ్, డేవిడ్, జెప్సన్ రాసిన వ్యాసం ఈ ఒప్పందాలకూ పాండాలకూ ఉన్న సమయసంబంధాన్ని బాగా వర్ణించింది. అది వర్ణనే, కారణ నిరూపణ కాదు. అక్కడి నుంచి పత్రికలవాళ్లు "ఒక్కో పాండాకు ఇన్ని కోట్లు" అని లెక్కలు కట్టేశారు.

తేదీ విషయం. ఒక్కో పాండా జంటకు కనీసం నాలుగు తేదీలు రాసుకోండి: బహిరంగ ప్రకటన, ఒప్పంద సంతకం, విమానం దిగిన రోజు, జనానికి చూపించిన రోజు. డెన్మార్క్‌కు ఇస్తామని చెప్పింది 2014లో, దిగింది 2019లో. ఐదేళ్ల తేడా! దిగిన ఏడాదినే మొదటి ఏడాది అనుకుంటే, ప్రభావం ఉన్నా అది మీ "ముందు" కాలంలో పడి, ముందస్తు ధోరణి పరీక్షలో ఫెయిలైనట్టు కనిపిస్తుంది. ప్రధాన అంచనాకు ప్రకటన ఏడాది వాడండి, దిగిన ఏడాదితో మళ్లీ నడిపి పక్కన పెట్టండి.

ఇక సంఖ్య. 1990ల నుంచి అప్పు పద్ధతిలో పాండాలు తీసుకున్న దేశాలు ఇరవై అటూఇటూ. మీ దగ్గర తొమ్మిదిన్నర లక్షల వరుసలున్నా, నిజంగా సమాచారం ఇచ్చేవి ఆ ఇరవై. అందుకే మామూలు క్లస్టర్ ఎర్రర్లు లేని నమ్మకాన్నిస్తాయన్నాను. రాండమైజేషన్ ఇన్ఫరెన్స్ చేయండి: పాండాలు లేని దేశాల్లోంచి ఇరవైని లాటరీ తీసి, నిజం తేదీలనే వాటికి అంటించి, 1,000 సార్లు నడిపి, మీ నిజం గుణకం ఆ గుంపులో ఎక్కడ పడిందో చూడండి. దేశాలకు వేర్వేరు ఏళ్లలో వచ్చాయి కాబట్టి పాత టూ-వే ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ డిఫ్-ఇన్-డిఫ్ (ముందు-తర్వాత మార్పును పోలిక గుంపులోని మార్పుతో పోల్చే పద్ధతి) ముందు పొందినవాళ్లను తర్వాత పొందినవాళ్లకు పోలికగా వాడేస్తుంది. కాలవే–సాంట్‌అన్నా గానీ, పాయిసన్‌తోనూ నడిచే వుల్‌డ్రిడ్జ్ పద్ధతి గానీ వాడండి. పోలిక గుంపుగా "ఇంకా రానివాళ్లు", "ఎప్పుడూ రానివాళ్లు" రెండూ పెట్టి చూపించండి. మలావీని డెన్మార్క్‌తో పోల్చడం ఎవరికీ నచ్చదు.

నా లెక్కలో మొదటి పేపర్ ప్రశ్నే మారాలి. "పాండా ఎంత వ్యాపారం తెచ్చింది" కాదు, "పాండా ఎవరికి, ఎప్పుడు దక్కుతుంది" అన్నది. దానికి డ్యూరేషన్ మోడల్ (ఒక ఘటన జరగడానికి ఎంత కాలం పడుతుందో చూసేది) సరిపోతుంది. కుడివైపు పెట్టాల్సినవి: వాణిజ్య ఒప్పందం, యురేనియం, గ్యాస్ లాంటి వనరుల ఎగుమతి, ఐక్యరాజ్యసమితి ఓట్లలో చైనాకు ఎంత దూరం, దలైలామాను ప్రభుత్వాధినేత కలిశాడా లేదా. చివరిదానికి ఫుక్స్, క్లాన్ 2013లో చేసిన పని చదవండి. ఆ భేటీ తర్వాత చైనాకు ఎగుమతులు తగ్గడం, రెండో ఏడాదికల్లా ఆ దెబ్బ మాసిపోవడం వాళ్లు చూపించారు. కోపం వ్యాపారాన్ని ఎలా కదిలిస్తుందో కొలిచే పద్ధతి అందులో ఉంది; ప్రేమ కొలవడానికి మీరు దాన్ని తిరగేయాలి.

జవాబు 2: పర్మిట్ల_పిచ్చోడు

డేటా ప్రశ్నకు నేను.

సైటీస్ (అంతరించే ముప్పున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) ట్రేడ్ డేటాబేస్ ఉచితం. జాతి పేరు దగ్గర పాండా శాస్త్రీయ నామం ఐల్యూరోపోడా మెలనోల్యూకా ఇవ్వండి, అన్ని దేశాలు, 1975 నుంచి. దించుకునేటప్పుడు పోలిక పట్టిక ఎంచుకోండి. అందులో ఎగుమతి చేసిన దేశం చెప్పిన సంఖ్య, దిగుమతి చేసుకున్న దేశం చెప్పిన సంఖ్య పక్కపక్కన ఉంటాయి. తర్వాత వరసగా:

"టర్మ్" కాలమ్‌లో లైవ్ అన్నవి మాత్రమే ఉంచండి. ఇది మరిస్తే రక్తం నమూనాలు, వెంట్రుకలు కూడా పాండాలైపోతాయి.

"పర్పస్" కాలమ్‌లో జెడ్ అంటే జూ, బీ అంటే సంతానోత్పత్తి, ఎస్ అంటే శాస్త్రీయం, టీ అంటే వాణిజ్యం. ఒకే రకం అప్పును ఒక దేశం జెడ్ అని, ఇంకో దేశం బీ అని రాస్తుంది. అందుకని పర్పస్‌తో వడపోయొద్దు, కాలమ్‌ను మాత్రం ఉంచుకోండి.

తిరుగు ప్రయాణాలు ఆతిథ్య దేశం నుంచి చైనాకు ఎగుమతిగా కనిపిస్తాయి. అక్కడే పుట్టి చైనా వెళ్లిన పిల్లలూ అలాగే కనిపిస్తాయి. ఈ రెంటినీ విడదీయడానికి జూ ప్రకటనలు చూడక తప్పదు, ఎందుకంటే పుట్టుకలు ఈ డేటాబేస్‌లో ఉండవు. సరిహద్దు దాటినదే ఇక్కడ లెక్క.

సంవత్సరాలు ఒకటి అటూ ఇటూ అవుతాయి. కొన్ని దేశాలు ఇచ్చిన పర్మిట్లను లెక్కిస్తాయి, కొన్ని నిజంగా దాటిన జంతువులను. డిసెంబర్‌లో పర్మిట్ ఇచ్చి జనవరిలో విమానం ఎక్కిస్తే ఒకే జంట రెండేళ్లలో రెండుసార్లు పడుతుంది. మొత్తం కూడేస్తే ప్రపంచంలో లేనన్ని పాండాలు తేలతాయి.

తైవాన్, హాంకాంగ్, మకావు విడిగా పెట్టుకోండి. 2008 డిసెంబర్‌లో తువాన్ తువాన్, యువాన్ యువాన్ తైపే వెళ్లినప్పుడు అది దేశాల మధ్య రవాణానా, ఇంట్లో సర్దుబాటా అన్నదే పెద్ద రాజకీయ వివాదం. ఆ రెండు పేర్లనూ కలిపి చదివితే "పునఃకలయిక" అని వస్తుంది. 2006లో అప్పటి తైవాన్ అధ్యక్షుడు చెన్ షుయ్-బియాన్ ప్రభుత్వం వద్దనడానికి కారణాలు ఊహించుకోవచ్చు. మీ ద్వైపాక్షిక ప్యానెల్‌లో ఈ మూడింటినీ తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి నడపండి.

ఇంకో ముఖ్యమైన విషయం. 1 అన్న డమ్మీ అన్ని కాలాల్లో ఒకటే కాదు. 1957 నుంచి 1982 దాకా చైనా ఇచ్చినవి పూర్తి బహుమతులు: 9 దేశాలకు 23 పాండాలు. సోవియట్ యూనియన్, ఉత్తర కొరియాతో మొదలై, 1972లో నిక్సన్ పర్యటన తర్వాత వాషింగ్టన్, అదే ఏడాది టోక్యో, తర్వాత ఫ్రాన్స్, బ్రిటన్, మెక్సికో, స్పెయిన్, పశ్చిమ జర్మనీ. 1984లో పాండా సైటీస్ మొదటి అనుబంధంలోకి (అన్నిటికన్నా కఠినమైన నియంత్రణ ఉన్న జాబితా) వెళ్లింది. ఆ ఏడాదే లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ కోసం ఒక్కో పాండాకు నెలకు 50,000 డాలర్ల లెక్కన అద్దె పద్ధతి వచ్చింది. ఈ పొట్టి అద్దెలు జూలకు బంగారుబాతులయ్యాయి, సంతానోత్పత్తి వయసులో ఉన్న జంతువులను ఊరేగిస్తున్నారని అమెరికాలో సంరక్షణ సంస్థలు 1988లో కోర్టుకెళ్లాయి. 1990ల నుంచి ఉన్నది మూడో పద్ధతి: సాధారణంగా పదేళ్ల అప్పు, జంటకు ఏడాదికి గరిష్ఠంగా 10 లక్షల డాలర్లు, పుట్టిన పిల్ల కూడా చైనాదే, మూడు నాలుగేళ్లు నిండాక పంపేయాలి. అమెరికా 1998 విధానం ప్రకారం ఆ రుసుములో సగానికి పైగా అడవి పాండాల సంరక్షణకే వెళ్లాలి.

కాబట్టి 1974 బ్రిటన్‌నూ 2011 బ్రిటన్‌నూ ఒకే డమ్మీలో వేయకండి. మీ శాంపిల్ 2000 నుంచి కాబట్టి చాలావరకు గండం గట్టెక్కుతుంది. మెక్సికో ఒక్కటి చూసుకోండి: 1975లో వచ్చిన బహుమతి జంట సంతతి కాబట్టి 1990లో అక్కడ పుట్టిన షిన్ షిన్ చైనా ఆస్తి కాదు. దౌత్యం పరంగా ఆ పాండాకు కోడ్ 0 వేయాలన్నది నా అభిప్రాయం. కొందరు 1 వేస్తారు, అది తప్పు.

జవాబు 3: హెచ్‌ఎస్_కోడ్

మాస్టారు గారు ఎడిన్‌బరో గురించి చెప్పింది సరే, కానీ సాల్మన్ కథలో ఇంకో మెలిక ఉంది, అది వదిలేస్తే పాండా ఖాతాలో చేపలన్నీ పడతాయి.

2010 అక్టోబర్‌లో నార్వే నోబెల్ కమిటీ చైనా జైల్లో ఉన్న అసమ్మతివాది లియు షియావోబోకు శాంతి బహుమతి ప్రకటించింది. ఆ తర్వాత చైనాకు నార్వే నుంచి నేరుగా వెళ్లే తాజా సాల్మన్‌కు తనిఖీలు, ఆలస్యాలు మొదలయ్యాయి. తాజా చేప రేవులో నాలుగు రోజులు ఆగితే సరుకు పోయినట్టే. ఆ ఖాళీలోకి స్కాట్లాండ్, ఫారో దీవులు వచ్చాయి. ఫారో దీవులకు పాండాలు లేవు! అందుకే అది మంచి పోలిక: పాండా లేకుండానే ఎంత పెరిగిందో ఫారో చెబుతుంది, అంతకు మించి స్కాట్లాండ్‌కు ఏమైనా ఉంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఇక్కడ జారే మెట్లు మూడు.

తాజా సాల్మన్ హెచ్‌ఎస్ కోడ్ (ప్రపంచమంతా సరుకులను గుర్తించడానికి వాడే అంకె) 2012లో మారింది. అంతకుముందు 030212 ఒక్కటే. 2012 సవరణతో పసిఫిక్ సాల్మన్ 030213కి, అట్లాంటిక్ సాల్మన్ 030214కి విడిపోయింది. 030212ని అలాగే దించుకుంటే పాండాలు దిగిన మరుసటి ఏడాదే సాల్మన్ సున్నా అయినట్టు కనిపిస్తుంది. బీఏసీఐని పాత సవరణలో దించుకుంటే ఈ బాధ ఉండదు.

స్కాట్లాండ్ కామ్‌ట్రేడ్‌లో లేదు, బ్రిటన్ ఉంది. స్కాట్లాండ్‌కు విడిగా కావాలంటే బ్రిటిష్ పన్నుల శాఖ ప్రాంతీయ వాణిజ్య గణాంకాలు చూడాలి. అక్కడ వస్తువుల వివరం అంత లోతుగా ఉండదు.

నార్వే చేపలో కొంత వియత్నాం, హాంకాంగ్ మీదుగా తిరిగి చైనా చేరింది. నార్వే నుంచి చైనాకు గీత పడిపోతుంది, నార్వే నుంచి వియత్నాంకు గీత లేస్తుంది. ఈ పక్కదారిని కలపకుండా శిక్ష ఎంత పెద్దదో చెప్పలేం. 2016 డిసెంబర్‌లో సంబంధాలు మామూలయ్యాయి, కాబట్టి శాంపిల్ అక్కడితో ఆపకండి.

యురేనియం మీద పని చేస్తానంటే ముందే ఒక హెచ్చరిక: సహజ యురేనియం 284410. కొన్ని దేశాలు వాణిజ్య గోప్యత పేరుతో ఇలాంటి వాటిని వేరుచేయని సరుకుల గుంపు 999999లో కలిపేస్తాయి. ఆస్ట్రేలియా, కెనడా గీతల్లో సున్నా కనిపిస్తే అది నిజం సున్నా అని అనుకోవద్దు. అమ్మినవాడి వైపు దొరక్కపోతే కొన్నవాడి వైపు వెతకండి.

ఎంఏ_చివరి_సెమ్

అందరికీ చాలా థాంక్సండి. ఓఎల్‌ఎస్ ప్లాన్ చెత్తబుట్టలో పడేశాను. ఒక సందేహం: పాండా రావడం రాజకీయ నిర్ణయం కాబట్టి కారణం తేలడం లేదంటున్నారు. మరి రాజకీయం చేతిలో లేని ఘటనలు, అంటే పిల్ల పుట్టడం, పాండా చనిపోవడం, వీటిని వాడుకోవచ్చా?

జవాబు 4: ఈవెంట్_స్టడీ

వాడుకోవచ్చు, ఈ సబ్జెక్టులో చేయదగ్గ తెలివైన పని అదే. కాకపోతే దేనిమీద ప్రభావం కొలుస్తున్నారో మార్చుకోవాలి.

ఆడ పాండా ఏడాదికి ఒక్కసారే ఎదకొస్తుంది, అదీ 24 నుంచి 72 గంటలే. కృత్రిమ గర్భధారణ చేసినా నిలుస్తుందో లేదో తెలియదు, ఉత్తుత్తి గర్భం మామూలు. అందుకని ఏ దేశంలో ఏ ఏడాది పిల్ల పుడుతుందన్నది విదేశాంగ శాఖ నిర్ణయించలేదు. బెర్లిన్‌లో జంట వచ్చిన రెండేళ్లకే, 2019 ఆగస్టులో కవలలు పుట్టాయి. ఎడిన్‌బరోలో పన్నెండేళ్లున్నా ఒక్క పిల్ల లేదు. 2023 డిసెంబర్‌లో పెద్దవి రెండే వెనక్కి వెళ్లాయి. ఈ తేడాను లాటరీకి దగ్గరగా చూడొచ్చు.

అయితే దీని నుంచి ద్వైపాక్షిక వ్యాపారం మీద ప్రభావం ఆశించకండి. పిల్ల పుట్టిందని ఎవరూ ఎక్కువ సోయాబీన్ కొనరు. కొలవదగినవి మూడు: జూకి టికెట్ల రాబడి, చైనా గురించి పత్రికల స్వరం, జనాభిప్రాయం. టికెట్లకు నెలవారీ లెక్క అడగండి, వార్షికమైతే వేసవి సెలవులు, వాతావరణం అన్నీ కలిసిపోతాయి. పత్రికలకు జీడీఈఎల్‌టీ (ప్రపంచ వార్తల ఉచిత డేటాబేస్) ఉంది. అందులో "పాండా" అని వెతికితే పాండా ఎక్స్‌ప్రెస్ హోటళ్లు, కార్ల మోడళ్లు, ఫుట్‌బాల్ జట్లు, మాల్‌వేర్ పేర్లు కూడా వస్తాయి, జూ పేరుతో కలిపి వెతకండి. అభిప్రాయానికి ప్యూ (అమెరికా పరిశోధన సంస్థ) సర్వేలు. అవి ఏడాదికోసారే, అన్ని దేశాల్లోనూ ప్రతి ఏడాదీ ఉండవు. సర్వే జరిగిన వారాలు చూసి, పుట్టుకకు ముందా తర్వాతా అన్నది దేశాలవారీగా కోడ్ చేయాలి.

ఫలితం సున్నా రావడానికి మానసికంగా సిద్ధపడండి. జపాన్ పాండాలను ప్రేమించినంతగా ఇంకెవరూ ప్రేమించి ఉండరు. 2023 ప్యూ సర్వేలో చైనా మీద ప్రతికూల అభిప్రాయం జపాన్‌లో 87 శాతం. దక్షిణ కొరియాలో 2020 జూలైలో పుట్టిన ఫూ బావోను 2024 ఏప్రిల్‌లో సాగనంపేటప్పుడు వానలో నిలబడి ఏడ్చారు. అదే 2023 సర్వేలో అక్కడ ప్రతికూలత 77 శాతం. జనం పాండాను చైనా నుంచి విడదీసి ప్రేమించగలరు. ఆ విడదీత ఎంత అన్నది కొలిస్తే అదే మీ పేపర్. సున్నా ఫలితాన్ని నమ్మించాలంటే ఎంత చిన్న ప్రభావాన్నైతే మీ శాంపిల్ పట్టగలదో ముందే లెక్కగట్టి చూపించాలి. లేకపోతే "డేటా చాలలేదు" అని కొట్టిపారేస్తారు.

ఇంకొక దారి: ఒప్పందం గడువు. రావడం రాజకీయమే అయినా, పదేళ్ల తర్వాత ఏ తేదీన గడువు ముగుస్తుందన్నది ఆ రోజే రాసి ఉంటుంది. అప్పటికి రాజకీయం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. అందుకని నిజంగా వెనక్కి వెళ్లిన తేదీ బదులు, కాగితం మీద ఉన్న గడువు తేదీ వాడండి. పొడిగించారా లేదా అన్నది మళ్లీ రాజకీయమే కాబట్టి దాన్ని కంట్రోల్‌గా పెట్టకూడదు, దాన్నే ఫలితంగా చూడాలి.

డబ్బుల వల్ల వెనక్కి పంపినవాటిని రాజకీయ ఖాతాలో వేయకండి. ఫిన్లాండ్‌లోని అహ్తారి జూ 80 లక్షల యూరోలకు పైగా పెట్టి ఇల్లు కట్టింది, ఏడాదికి దాదాపు 15 లక్షల యూరోలు ఖర్చు. 2018 జనవరిలో వచ్చిన జంట 15 ఏళ్లు ఉండాల్సింది, 2024 నవంబర్‌లోనే వెళ్లిపోయింది. కోవిడ్, ధరల పెరుగుదల, వడ్డీలు. దానికి తోడు జూ పెద్ద నగరాలకు దూరంగా ఉంది. కెనడాలో కాల్గరీ జూ 2020 నవంబర్‌లో పంపేసింది, విమానాలు ఆగిపోయి వెదురు అందక. ఒక్కో పాండా రోజుకు 12 నుంచి 38 కిలోల వెదురు తింటుంది, అందులో ఒంటికి పట్టేది ఐదోవంతు కూడా ఉండదు. తాజాది కాకపోతే ముట్టదు. అప్పట్లో కెనడా–చైనా సంబంధాలు బాగా చెడి ఉన్నాయి కాబట్టి వార్తలు మాత్రమే చూసి కోడ్ చేసేవాళ్లు దాన్ని దౌత్యపు దెబ్బగా రాసేస్తారు.

జవాబు 5: కూనో_టు_కోకాపేట్

ఇండియా కేసు ఒక అధ్యాయానికి సరిపోతుంది, కానీ పాండాల పక్కన పెట్టి ఒకే రిగ్రెషన్‌లో వేయడం కుదరదు. మన దగ్గర ఒక జాతి, ఒక అమ్మకందారు, ఒక ప్రామాణిక ఒప్పందం అన్నవి లేవు.

బహుమతి కాలం ఉంది: యుద్ధంలో ఏనుగులన్నీ పోయిన టోక్యో ఊయెనో జూకి, జపాన్ పిల్లల ఉత్తరాలు చూసి నెహ్రూ 1949లో ఇందిర అనే ఏనుగును పంపారు. మార్పిడి కాలం ఉంది: 1985లో నేపాల్ నుంచి దుధ్వాకు 4 ఖడ్గమృగాలు, బదులుగా మనవైపు నుంచి 16 శిక్షణ ఏనుగులు. ఇక్కడ "సాఫ్ట్ పవర్" కన్నా వస్తుమార్పిడి అన్న మాటే నప్పుతుంది, ధర కూడా కనిపిస్తోంది కదా.

హైదరాబాద్ ఉదాహరణ కావాలంటే నెహ్రూ జూ పార్కు ఉంది. 2012లో హైదరాబాద్‌లో జీవవైవిధ్య సదస్సు జరిగినప్పుడు జూ చూడ్డానికొచ్చిన సౌదీ యువరాజు సింహాలు, చీతాలు ఇస్తానన్నారు, 2013లో వచ్చాయి. హిబా అనే ఆడ చీతా 2020లో, అబ్దుల్లా అనే మగది 2023 మార్చిలో గుండెపోటుతో పోయాయి. సౌదీతో మన వ్యాపారమంతా చమురు. రెండు చీతాల ప్రభావం అందులో వెతకడం సముద్రంలో ఇంగువ కలిపినట్టే. దీన్ని ఖర్చుల అధ్యయనంగా మాత్రమే వాడండి.

నిజంగా దమ్మున్నది నమీబియా చీతాల వరుస. 2022 జూలైలో ఒప్పందం, సెప్టెంబర్ 17న కూనోలో 8 చీతాలు. నవంబర్‌లో పనామాలో సైటీస్ సమావేశం. అక్కడ ఏనుగు దంతాల వ్యాపారం తెరవాలన్న ప్రతిపాదనకు ఎప్పుడూ వ్యతిరేకంగా ఓటేసే భారత్ ఈసారి ఓటింగ్‌కు దూరంగా ఉంది. ఒకదాని తర్వాత ఇంకోటి జరిగింది కాబట్టి ఒకదాని వల్ల ఇంకోటి అని రాయలేం. కానీ ఫలితాన్ని ఎగుమతుల్లో వెతకడం కన్నా సైటీస్ ఓట్లలో వెతకడం తెలివైన పని అని ఇది చెబుతోంది. ప్రతి మూడేళ్లకు ఒకసారి జరిగే సమావేశం, పేరుపేరునా నమోదైన ఓట్లు. చిక్కేంటంటే చాలా ఓట్లు రహస్య బ్యాలెట్‌లో జరుగుతాయి, అవి మీకు దొరకవు. ఏవి రహస్యం అయ్యాయన్నది కూడా యాదృచ్ఛికం కాదు.

బహుమతి వెనక్కి పోవడం మీద ఒక చిన్న కేస్ స్టడీ కావాలంటే శ్రీలంక, థాయ్‌లాండ్ చూడండి. 2001లో థాయ్‌లాండ్ ఇచ్చిన ముత్తురాజా అనే ఏనుగును సరిగ్గా చూసుకోలేదని 2023 జూలైలో విమానంలో వెనక్కి తీసుకుపోయారు. ఇచ్చింది తిరిగి అడగడం ఎంత పరువు తక్కువో మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

జవాబు 6: గ్రావిటీ_మాస్టారు

కెరీర్ ప్రశ్న మిగిలింది, అదీ చెప్పేస్తాను.

నవ్వుతారా అంటే, టైటిల్‌లో పాండా మొదట వస్తే నవ్వుతారు. మీరు అంతర్జాతీయ వాణిజ్యం మనిషిగా తలుపు తట్టాలి, పాండా మీ కొలబద్ద. బర్క్‌లీలో చాలా ఏళ్లు పనిచేసిన ఆండ్రూ రోజ్ కరెన్సీ యూనియన్లు, డబ్ల్యూటీఓ మీద గ్రావిటీ పేపర్లతో పేరు తెచ్చుకున్నాక రాయబార కార్యాలయాల మీద 2007లో రాశాడు: ఒక్కో అదనపు కాన్సులేట్‌కు ఎగుమతులు 6 నుంచి 10 శాతం ఎక్కువ. ఆ తర్వాత 2016లో బీబీసీ అంతర్జాతీయ పోల్ వాడి, ఒక దేశాన్ని ఇష్టపడేవాళ్లు దాని సరుకు ఎక్కువ కొంటారా అని చూశాడు. జోసెఫ్ నై 1990లో పెట్టిన "సాఫ్ట్ పవర్" అనే మాటను అంకెల్లోకి దించడం అంటే అలాంటి పని. క్రమం గమనించండి: ముందు పనిముట్టు మీద పట్టు, తర్వాత వింత సబ్జెక్టు. తిరగేస్తే కష్టం.

గైడుగా అంతర్జాతీయ సంబంధాల వాళ్లను కాకుండా వాణిజ్య ఎకనామెట్రిక్స్ చేసేవాళ్లను వెతకండి. కమిటీలో రెండోవాళ్లుగా రాజనీతి మనిషిని పెట్టుకోండి. జేఈఎల్ కోడ్లు (ఆర్థికశాస్త్రం పేపర్లను విషయంవారీగా విడదీసేవి) ఎఫ్14, ఎఫ్51 ముందు పెట్టి, సంరక్షణ వైపు ఉంటే క్యూ57 జోడించండి. ఎడిటర్ ఆ కోడ్లు చూసే రిఫరీలను పంచుతాడు. జడ్1 ముందు పెడితే సాంస్కృతిక ఆర్థికశాస్త్రం వాళ్లకు పోతుంది, వాళ్లు మీ ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ వదిలేసి నై నిర్వచనం మీద మూడు పేజీలు రాసి పంపుతారు. పంపదగ్గ పత్రికలు: వరల్డ్ ఎకానమీ, ఎకనామిక్స్ అండ్ పాలిటిక్స్, యూరోపియన్ జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీ. రాజకీయం పాలు ఎక్కువైతే రివ్యూ ఆఫ్ ఇంటర్నేషనల్ ఆర్గనైజేషన్స్.

కాలం లెక్క చూసుకోండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్ల లోపు, కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ పరిశోధక వేతనం) మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ వేతనం) 42,000. థీసిస్‌కు ముందు పేపర్ అచ్చవ్వాలన్న నిబంధన ఇప్పుడు యూజీసీ వైపు నుంచి లేదు, కానీ అసిస్టెంట్ ప్రొఫెసర్ షార్ట్‌లిస్టుకు అచ్చైన పేపర్లు అడుగుతారు. మంచి పత్రికలో మొదటిసారి పంపిన రోజు నుంచి అచ్చు దాకా రెండేళ్లు పట్టడం వింత కాదు. కాబట్టి "ఎవరికి దక్కుతుంది" పేపర్ రెండో ఏడాది చివరికే బయటికి పోవాలి. వ్యాపారం మీద ప్రభావం రెండోది. ఈవెంట్_స్టడీ గారు చెప్పిన పుట్టుకల పేపర్ మూడోది, అది ఒక్కటే పత్రికలవాళ్లకు నచ్చుతుంది, అందుకే చివర్లో ఉంచండి.

చైనీస్ చదవడం నేర్చుకోక తప్పదు. ఒప్పందం గడువులు, పొడిగింపులు చైనా వైపు ప్రకటనల్లో ముందుగా, వివరంగా వస్తాయి. ఇంగ్లిష్ అనువాదంలో చాలాసార్లు ఏడాది మాత్రమే మిగులుతుంది, నెల పోతుంది. గడువు తేదీల డేటాసెట్‌ను మీరే చేత్తో కట్టి, మూలంతో సహా ఉచితంగా పెట్టండి. మీ రిగ్రెషన్ ఎవరూ గుర్తుపెట్టుకోకపోయినా ఆ పట్టికను పదేళ్లు వాడుకుంటారు, వాడిన ప్రతివాడూ మీ పేరు రాయాలి.

ఒక చిన్న సంగతి, ఇప్పుడే గుర్తొచ్చింది: మీ శాంపిల్ 2023తో ఆగుతోంది. వాషింగ్టన్ జంట 2023 నవంబర్‌లో వెళ్లింది, కొత్త జంట 2024 అక్టోబర్‌లో దిగింది. శాన్ డియేగోకు 2024 జూన్‌లోనే వచ్చాయి. పైగా 2023 చివర్లో అట్లాంటాలో పాండాలు ఇంకా ఉన్నాయి. దేశం స్థాయిలో కోడ్ చేస్తే అమెరికా 1గానే ఉంటుంది, జూ స్థాయిలో చేస్తే వాషింగ్టన్ 0 అవుతుంది. ఏది వాడుతున్నారో మొదటి పట్టిక కిందే రాయండి.

ఎంఏ_చివరి_సెమ్

దేశం స్థాయి డమ్మీ ప్రధానంగా, జూ స్థాయి అనుబంధంలో. సైటీస్ పట్టిక దించేశాను, లైవ్ వడపోత పెట్టకముందు 1990లలో ఒక ఏడాది పాండాలు వందల్లో చూపించింది! వడపోశాక పదుల్లోకి వచ్చింది. ఇప్పుడు పర్మిట్ల_పిచ్చోడు గారు చెప్పినట్టు రెండుసార్లు పడ్డ లెక్కలు ఒక్కొక్కటీ చూస్తున్నాను.